“ఒక్క అంకెలో పోయింది” అనే అబద్ధం

లాటరీ ఫలితాలు చదవడం ఒక విద్య అని నమ్మేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. పాత ఫలితాల చార్టు ముందేసుకుని ఓపిగ్గా చూస్తే ఏ అంకె ఎన్నాళ్లకు పడుతోందో తెలుస్తుందట. ఏ అంకె చాలాకాలంగా పడలేదో దొరుకుతుందట. ఈ రెండూ పట్టుకున్నవాడు ఇవాళ కాకపోతే రేపైనా కొట్టి తీరతాడట. టికెట్‌కూ ఫలితానికీ ఒక్క అంకె తేడా వస్తే “దగ్గరికొచ్చేశాం, ఇంకొంచెం” అంటారు. రాయలసీమలో మట్కా చీటీలు రాసేచోట ఎప్పటినుంచో వినబడుతున్న మాటే ఇది. ఇప్పుడు కేరళ లాటరీ ఫలితాల చుట్టూ పుట్టుకొచ్చిన వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ యూట్యూబ్ వీడియోల్లోనూ అదే వినబడుతోంది. చదువుకున్నవాళ్లు దానికి ప్రాబబిలిటీ అని పేరు పెట్టి, లెక్కల శాస్త్రం తమవైపే ఉందంటున్నారు.

లెక్కల శాస్త్రం వాళ్లవైపు లేదు. ఫలితాల పట్టికకు ఒకే ఒక్క ఉపయోగం ఉంది. చేతిలో ఉన్న టికెట్‌ను దాంతో సరిచూసుకోవడం. రేపటి డ్రా గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఉందని చెప్పేవాళ్లు తెలిసో తెలియకో అబద్ధం చెబుతున్నారు. ఆ అబద్ధం వల్ల కొంపలు మునుగుతున్నాయి కాబట్టే దాన్ని ఇంత వివరంగా ఖండించాల్సి వస్తోంది.

కరువు కాలంలో కదిరి వైపు నుంచి కేరళకు పనులు వెతుక్కుంటూ పోయినవాళ్లలో ఒక తాపీమేస్త్రి నాకు తన నోట్‌బుక్ చూపించాడు. పొడుగు పుస్తకం. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన గళ్లు, ఎడమ పక్క తేదీ, దాని పక్కన లాటరీ పేరు పొట్టిగా, ఆపైన మొదటి బహుమతి నంబరులోని ఆరు అంకెలు గడికొకటి. కొన్ని అంకెల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టాడు. పేజీ అడుగున “బాకీ” అని రాసి, దానికెదురుగా చాన్నాళ్లుగా పడని అంకెలు వరసపెట్టాడు. “ఏడు పడి ఎన్నాళ్లయిందో చూడన్నా. ఈ వారం పడకుండా యాడికి పోతాది?” అన్నాడు. సొంతూరికి తిరిగొచ్చాక కూడా ఆ పుస్తకం రాయడం మానలేదు. అక్కడ టికెట్ దొరకదు కాబట్టి, అవే అంకెల మీద ఊళ్లో మట్కా చీటీ రాయిస్తున్నాడు. ఆ పుస్తకంలో ఎంత శ్రద్ధ ఉందంటే, పద్దు రాయడం తెలిసిన ఏ గుమాస్తా అయినా మెచ్చుకుంటాడు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. అంత శ్రద్ధను ఖాళీ గళ్ల వెంట తిప్పినవాళ్ల మీదే కోపం.

అసలు ఆ గళ్లలోకి అంకెలు ఎలా వస్తాయో చూద్దాం. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ శాఖను ఏర్పాటు చేసింది. అప్పట్లో టికెట్ ఒక రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. తొలి డ్రా 1968 జనవరి 26న జరిగింది. ఇప్పుడు వారంలో ఏడు రోజులకూ ఏడు లాటరీలు ఉన్నాయి. ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రా మించకూడదని 1998 నాటి కేంద్ర లాటరీల నియంత్రణ చట్టం చెబుతుంది. అందుకే రోజుకో పేరు. తిరువనంతపురంలో బేకరీ జంక్షన్ దగ్గరున్న గోర్కీ భవన్‌లో మధ్యాహ్నం మూడు గంటలకు, అందరి ఎదుటా డ్రా తీస్తారు. ఒక్కో స్థానానికి ఒక్కో అంకె విడిగా వచ్చి ఆగుతుంది. ఒక స్థానంలో ఏం పడిందో పక్క స్థానానికి తెలియదు. నిన్న ఏం పడిందో ఇవాళ్టికి తెలియదు.

టికెట్ మీద ముందు రెండక్షరాల సిరీస్, తర్వాత ఆరంకెల నంబరు ఉంటాయి. ఒక లాటరీకి పన్నెండు సిరీస్‌లు. నంబర్లు 1,00,000 నుంచి 9,99,999 వరకు, అంటే సిరీస్‌కు తొమ్మిది లక్షలు. పన్నెండూ కలిపితే 1.08 కోట్ల టికెట్లు. మొదటి బహుమతి వీటిలో ఒక్కదానికే. అదే ఆరంకెలు మిగతా పదకొండు సిరీస్‌లలో ఉన్న టికెట్లకు కన్సొలేషన్ ప్రైజు. కింది బహుమతులకు మాత్రం చివరి నాలుగు అంకెలే లెక్క, అన్ని సిరీస్‌లకూ వర్తిస్తాయి. ఒక నాలుగంకెల ముగింపు తీస్తే, అన్ని టికెట్లూ అమ్ముడైతే 1,080 మందికి తగులుతుంది. అలాంటి ముగింపులు ఒక్కో డ్రాలో వందల్లో తీస్తారు. వాటిలో ఎక్కువ భాగం చిన్న చిన్న మొత్తాలు.

“కొద్దిలో తప్పింది” అనే భ్రమకు మూలం ఇక్కడే ఉంది. దీన్ని లెక్క కట్టి చూపించాలి.

నాలుగంకెల ముగింపులు 0000 నుంచి 9999 వరకు మొత్తం పదివేలు. ఒక డ్రాలో మూడు వందల ముగింపులు తీశారనుకుందాం. లాటరీని బట్టి ఈ సంఖ్య మారుతుంది, మన లెక్కకు ఇది సరిపోతుంది. మీ టికెట్ 4527తో ముగిసిందనుకోండి. అది తగిలే అవకాశం నూటికి మూడు. ఇప్పుడు రెండో ప్రశ్న. 4527కు సరిగ్గా ఒక్క అంకె తేడాతో ఉన్న ముగింపులు ఎన్ని? ఒక్కో స్థానంలో తొమ్మిది మార్పులు, నాలుగు స్థానాలకు ముప్పై ఆరు. ఈ ముప్పై ఆరింట్లో కనీసం ఒకటైనా ఆ రోజు పట్టికలో ఉండే అవకాశం ఎంత? నూటికి అరవై ఆరు. అంటే మూడు రోజులు టికెట్ కొంటే రెండు రోజులు “ఒక్క అంకెలో పోయింది” అనుకోవాల్సిందే, ఎవరు కొన్నా, ఏ నంబరు కొన్నా.

ఇంకా ఉంది. అవే అంకెలు అటూఇటూ అయ్యాయని కూడా జనం నిట్టూరుస్తారు. 4527 కొంటే 7425 వచ్చింది, 5427 వచ్చింది అంటారు. నాలుగు వేర్వేరు అంకెలను మార్చి పేర్చితే మరో ఇరవై మూడు ముగింపులు వస్తాయి. వాటిలో ఒకటైనా పట్టికలో కనిపించే అవకాశం దాదాపు సగానికి సగం. ఒక్క అంకె తేడా, అంకెల తారుమారు రెండూ కలిపి చూస్తే ఆరు రోజుల్లో ఐదు రోజులు ఏదో ఒక రకంగా “కొద్దిలో తప్పిపోతుంది”. ఇది మీ అదృష్టం దగ్గరపడుతున్న గుర్తు ఎలా అవుతుంది? పట్టికలో మూడు వందల నంబర్లు ఉంటే ఎవరి నంబరుకైనా పోలికలు దొరుకుతాయి. అసలు ఏ పోలికా లేకుండా టికెట్ పోయిన రోజే అరుదు.

“దగ్గర” అనే ఊహే ఇక్కడ పనికిరాదు. ఒక వీధిలో 27వ ఇంటి పక్కన 28వ ఇల్లు ఉంటుంది, గోడ అవతల గోడ. డ్రా తీసే యంత్రంలో 4527కు అలాంటి పొరుగు లేదు. 4528 ఎంత దూరమో 9013 కూడా అంతే దూరం. రెండింటికీ ఆ రోజు పడే అవకాశం సమానం, మీ టికెట్‌కు రెండింటివల్లా వచ్చేది ఏమీ లేదు. కేరళ నిబంధనల్లో నిజంగా దగ్గరితనం అనదగ్గది ఒక్కటే, అది కన్సొలేషన్ ప్రైజు. దానికి కాగితం మీద రాసిన నియమం ఉంది, చేతికి డబ్బు వస్తుంది. చార్టువాళ్లు చెప్పే దగ్గరితనానికి ఒక్క రూపాయి రాదు.

అయినా మనసు దాన్ని గెలుపులా తీసుకుంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే తేల్చింది. స్లాట్ మెషిన్ లాంటి ఆటలో కొద్దిలో ఓడినప్పుడు, నిజంగా గెలిచినప్పుడు ఉత్తేజితమయ్యే మెదడు భాగాల్లోనే కొన్ని ఉత్తేజితమయ్యాయి. మళ్లీ ఆడాలనే కోరికా పెరిగింది. ఓటమి మనకు గెలుపు రుచి చూపిస్తోందన్నమాట. ఇది మన శరీరం చేసే పని, ఎవరి తెలివితక్కువతనమూ కాదు. కాబట్టే ఈ రుచిని సొమ్ము చేసుకునేవాళ్లు మరింత దోషులు.

ఇక మేస్త్రి పుస్తకంలోని “బాకీ” సంగతి. ఒక అంకె ఇరవై డ్రాలుగా పడలేదంటే అది ఇక పడాల్సిందే అనేది ఈ నమ్మకం. సున్నా ఉండని మొదటి స్థానాన్ని వదిలేస్తే, ఒక స్థానంలో ఒక అంకె ఒక డ్రాలో పడకపోయే అవకాశం పదిలో తొమ్మిది. వరసగా ఇరవై డ్రాలలో పడకపోయే అవకాశం నూటికి పన్నెండు. అంకెలు పది ఉన్నాయి కాబట్టి, ఎప్పుడు చూసినా గత ఇరవై డ్రాలలో అసలు పడని అంకె ఒక్కో స్థానంలో సగటున ఒకటైనా ఉంటుంది. ఆరు స్థానాలూ కలిపితే ఆరేడు. అంటే “బాకీ” అంకెలు లేని రోజంటూ దాదాపు ఉండదు. చార్టు రాసేవాడికి పని ఎప్పుడూ ఉంటుంది. కానీ మేస్త్రి చూపించిన 7 రేపు పడే అవకాశం, నిన్న పడిన 3 మళ్లీ రేపు పడే అవకాశం ఒక్కటే, పదిలో ఒకటి. యంత్రం ఎవరికీ అప్పు పడలేదు.

ఒకసారి వచ్చిన నంబరు మళ్లీ రాదనే మాట కూడా ఇలాంటిదే. బల్గేరియాలో 2009 సెప్టెంబరు 6న జాతీయ లాటరీలో 4, 15, 23, 24, 35, 42 వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 10న, అవే ఆరు నంబర్లు మళ్లీ వచ్చాయి. ప్రభుత్వం విచారణ జరిపించింది, మోసం ఏదీ బయటపడలేదు.

“మరి గ్రూపుల్లో గెస్సింగ్ అంటూ పడబోయే నంబర్లు చెప్పేవాళ్ల మాటలు నిజంగానే తగులుతున్నాయి కదా, స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు కదా” అని అడుగుతారు. తగులుతాయి. తగలకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఒకాయన రోజూ ఇరవై ముగింపులు చెబుతున్నాడనుకోండి. మూడు వందలు తీసే డ్రాలో వాటిలో కనీసం ఒకటి తగిలే అవకాశం నూటికి నలభై ఆరు. కళ్లు మూసుకుని చెప్పినా రోజు విడిచి రోజు ఆయన ఒక స్క్రీన్‌షాట్ పెట్టగలడు. “ఏ వరుసలో వచ్చినా పాసే” అని ఒక షరతు కలిపితే, ఇరవై ముగింపులూ నాలుగు వందల ఎనభై అవుతాయి. అప్పుడు ఒక్కటీ తగలకుండా పోవడం జరిగే పని కాదు. ఆయన ప్రతిరోజూ పాస్. ఆయన మాట విని ఇరవై టికెట్లు కొన్నవాడు మాత్రం రోజుకు వెయ్యి రూపాయలు పెట్టి, సగం రోజులు ఉత్త చేతులతో, మిగతా రోజుల్లో ఎక్కువసార్లు ఏ వందో రెండు వందలో పట్టుకుని ఇంటికి పోతాడు. తగిలిన నంబర్లు గ్రూపులో పైకి పిన్ అవుతాయి, తప్పినవి మరుసటి రోజుకు చెరిగిపోతాయి. ఎవరైనా సరే, ఒక గెస్సింగ్ గ్రూపులో వచ్చిన నంబర్లన్నీ తప్పినవాటితో సహా నెల రోజులు రాసిపెట్టుకుని, పెట్టిన ఖర్చునూ వచ్చిన డబ్బునూ పక్కపక్కన కూడితే ఈ విద్య అసలు రంగు తెలిసిపోతుంది. మేస్త్రి పుస్తకంలో లేని గడి అదే. ఆరు అంకెలకూ గళ్లున్నాయి, పెట్టిన డబ్బుకు లేదు.

సెట్ కొనడం మరో తెలివిగా చెలామణి అవుతోంది. ఒకే ముగింపు ఉన్న టికెట్లు పన్నెండు సిరీస్‌లలోనూ కలిపి కొంటారు. తగిలితే దెబ్బకు పన్నెండు తగులుతాయి, నిజమే. కానీ తగిలే అవకాశం ఒక్క టికెట్‌కు ఎంతో అంతే, నూటికి మూడు. పన్నెండు వేర్వేరు ముగింపులు కొన్నవాడికి ఏదో ఒకటి తగిలే అవకాశం నూటికి ముప్పై. సెట్ కొన్నవాడు నూటికి తొంభై ఏడుసార్లు మొత్తం పోగొట్టుకుంటాడు. దీర్ఘకాలంలో ఇద్దరికీ నష్టం ఒకటే.

చార్టును సమర్థించేవాళ్ల చివరి ఆయుధం అనుమానం. “డ్రా లోపల ఏదో మతలబు ఉంటుంది, ఆ మతలబు చార్టులో బయటపడుతుంది” అంటారు. ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి. డ్రా నిజాయతీగా జరిగితే పాత ఫలితాలకూ కొత్త ఫలితానికీ సంబంధం ఉండదు, చార్టు వృథా. నిజాయతీగా జరగకపోతే, ఆ రహస్యం లోపలివాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లు దాన్ని పట్టికలో కనబడనివ్వరు, అప్పుడూ చార్టు వృథాయే. ఇది ఊహించి చెప్పడం లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర లాటరీలో 1980 ఏప్రిల్ 24న 666 వచ్చింది. డ్రా ప్రసారం చేసే వ్యాఖ్యాతే కుట్రలో ఉన్నాడు. 4, 6 తప్ప మిగతా బంతులన్నిటికీ లోపల రంగు ఎక్కించి బరువు పెంచారు. ఆ రెండంకెలతో వచ్చే కలయికల మీద ముందుగానే డబ్బు కట్టింది ఆ ముఠా మనుషులు. ఆ దేశంలోనే ఎడ్డీ టిప్టన్ అనే అధికారి, లాటరీ సంఘంలో కంప్యూటర్ల భద్రత చూసే పెద్ద, నంబర్లు పుట్టించే సాఫ్ట్‌వేర్‌లోనే దొంగ కోడ్ పెట్టాడు. ఏడాదిలో కొన్ని తేదీల్లో మాత్రమే అది పనిచేసేది. 2010 డిసెంబరులో తానే టికెట్ కొన్నాడు, కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా ఉన్న బహుమతిని ఇతరుల ద్వారా క్లెయిమ్ చేయించబోయి చివరికి దొరికిపోయాడు. ఏళ్ల తరబడి నడిచిన ఈ మోసం వల్ల లాభపడింది కోడ్ రాసినవాడు, అతని సోదరుడు, స్నేహితులు. ఇంట్లో కూర్చుని పాత ఫలితాలు రాసుకున్నవాడు కాదు.

“గెలిచినవాళ్లు లేరా?” అంటే, ఉన్నారు. 2019లో నిజామాబాద్ జిల్లాకు చెందిన ఒక రైతుకు అబుదాబి లాటరీలో కోటిన్నర దిర్హమ్‌లు వచ్చాయి. దుబాయిలో పని దొరక్క ఇంటికి తిరిగొచ్చినవాడు. భార్య దగ్గర తీసుకున్న డబ్బును అక్కడి స్నేహితుడికి పంపి టికెట్లు కొనిపించాడు. 2022లో కేరళ ఓణం బంపర్ లాటరీలో 25 కోట్లు తగిలింది తిరువనంతపురం ఆటోడ్రైవరుకు. మొదట తీసిన టికెట్ నచ్చక వేరేది తీసుకున్నాడు, అదే తగిలింది. వీళ్లిద్దరి కథలూ చార్టు గొప్పతనానికి సాక్ష్యంగా తిప్పుతున్నారు. చార్టు చూసి కొన్నామని ఆ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. 1.08 కోట్ల టికెట్లలో ఒకటి గెలవాలి, గెలుస్తుంది, ఆ ఒక్కరి ఫొటో పత్రికల్లో పడుతుంది. రోజుకొక టికెట్ కొనే మనిషికి ఆ మొదటి బహుమతి సగటున ఒక్కసారి తగలాలంటే 29 వేల 500 ఏళ్లు పైగా పడుతుంది. మిగిలినవాళ్ల ఫొటోలు ఏ పత్రికా వేయదు, వేస్తే పేజీలు చాలవు.

నేను లాటరీ టికెట్ కొనడాన్నే పాపమనడం లేదు. కేరళలో ఉన్నవాడు వారానికో యాభై రూపాయలు పెట్టి ఆశ కొనుక్కుంటే ఆ డబ్బు అతనిది. అక్కడ దాని మీద బతికే చిల్లర అమ్మకందారుల్లో ముసలివాళ్లు, వికలాంగులు ఎందరో ఉన్నారు. కారుణ్య పథకం కింద లాటరీ ఆదాయంతో పేదల కేన్సర్, గుండె, కిడ్నీ వైద్యానికి సాయం చేశారు. కానీ టికెట్ ధరలో అంతా బహుమతుల్లోకి రాదని మాత్రం తెలిసి కొనాలి. జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అమ్మకందారుల కమిషన్, ముద్రణ, ప్రభుత్వ వాటా అందులోంచే పోవాలి. ఆడేవాళ్లందరినీ ఒక్కటిగా చూస్తే ప్రతిరోజూ నష్టపోవడం ఖాయం. ఆశ వేరు, తెలిసిపోయిందన్న ధీమా వేరు. ఆశపడేవాడు ఒక టికెట్‌తో ఆగుతాడు. ధీమా ఉన్నవాడు ఇరవై కొంటాడు, అప్పు చేసి కొంటాడు, పుస్తెలతాడు తాకట్టు పెట్టి కొంటాడు. ఎందుకంటే అతని దృష్టిలో అది జూదం కాదు, పెట్టుబడి.

“కాలక్షేపానికి చార్టు చూస్తే తప్పేంటి” అనేవాళ్లు తమిళనాడు వైపు చూడాలి. ఆ రాష్ట్రం 2003లోనే లాటరీని నిషేధించింది. కేరళ ఫలితాల్లోని చివరి మూడు అంకెల మీద పందెం కట్టే దొంగ లాటరీ మాత్రం అక్కడ పాతుకుపోయింది. దానికి టికెట్ ఉండదు, సిరీస్ ఉండదు, చీటీ మీద మూడంకెలుంటాయి. దాని పెట్టుబడి అంతా చార్టే. 2019 డిసెంబరులో విలుపురంలో ఒక స్వర్ణకారుడు, అతని భార్య, ముగ్గురు ఆడపిల్లలు చనిపోయారు. ఈ మూడంకెల లాటరీలో అప్పులపాలయ్యానని ఆయన చివరి వీడియోలో చెప్పాడు. ముందుగా ప్రకటించిన నంబరు మీద గానీ ఒంటి అంకె మీద గానీ బహుమతి ఇవ్వకూడదని 1998 చట్టం మొదటి షరతుగా పెట్టింది, ఇలాంటివాటికి తోవ మూయడానికే. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ టికెట్ల అమ్మకానికి అనుమతి లేదు కాబట్టి, ఇక్కడ చార్టు నేర్చుకున్నవాడికి తన విద్య ప్రయోగించే చోటు మట్కా చీటీ ఒక్కటే. మేస్త్రికి జరిగిందీ అదే. బహుమతికి హామీగా ప్రభుత్వం ఉన్న టికెట్ దగ్గర మొదలైన పుస్తకం, గెలిచినా డబ్బిస్తాడో లేదో తెలియని మనిషి దగ్గర తేలింది.

ఇంత శ్రద్ధగా చార్టు చదివేవాళ్లలో చాలామంది, చదవాల్సిన దాన్ని సరిగా చదవరు. మొదటి బహుమతి నంబరు చూసి, తమది కాకపోతే టికెట్ చింపేస్తారు. శబరిమల యాత్రలో టికెట్ కొని తెచ్చుకున్న మన భక్తుల్లోనూ ఇది ఎక్కువ. ముందు టికెట్ మీది లాటరీ పేరు, డ్రా నంబరు, తేదీ ఫలితం కాగితంతో కలవాలి. ఒక రోజు టికెట్‌ను మరో రోజు పట్టికతో పోల్చి ఏం లాభం? తర్వాత సిరీస్‌తో సహా ఆరంకెలూ మొదటి బహుమతితోనూ, పూర్తి నంబరు ఇచ్చిన మిగతా పై బహుమతులతోనూ చూడాలి. సిరీస్ వేరై అంకెలు ఆరూ మొదటి బహుమతితో ఒకటైతే అది కన్సొలేషన్ ప్రైజు, పారేయకూడదు. ఆ తర్వాత చివరి నాలుగు అంకెలు పట్టుకుని కింది బహుమతుల వరసలన్నీ చివరిదాకా చూడాలి. ఎక్కువమందికి వచ్చేది ఆ కిందనే. ఫోన్‌లో వచ్చిన పట్టిక తప్పయ్యే అవకాశం ఉంది, కాబట్టి కేరళ ప్రభుత్వ గెజెట్‌లో వచ్చిన ఫలితమే ప్రమాణం. టికెట్ అప్పగించడానికి గడువు 30 రోజులు. గడువు దాటిన సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. ఐదు వేల వరకు కేరళలోని ఏ లాటరీ దుకాణంలోనైనా ఇస్తారు, అంతకు మించితే గుర్తింపు కాగితాలతో లాటరీ కార్యాలయానికో బ్యాంకుకో వెళ్లాలి. టికెట్ వెనక పేరు, చిరునామా, సంతకం పెట్టుకుంటే, పోగొట్టుకున్నా ఇంకొకరు తమదనే వీలు తగ్గుతుంది. పెద్ద బహుమతి పూర్తిగా చేతికి రాదు. ఓణం బంపర్‌లో తగిలిన ఆ 25 కోట్లలో ఏజెంటు కమిషన్ 10 శాతం, మిగిలినదాంట్లో పన్ను 30 శాతం పోగా 15.75 కోట్లు మిగిలింది. దాని మీద సర్‌ఛార్జి, సెస్సు వేరే.

ఈ సరిచూసుకోవడం తెలియనివాళ్లే దొంగలకు దొరుకుతున్నారు. కేరళ లాటరీ ఆన్‌లైన్‌లో అమ్మరు, ఆ శాఖే పదేపదే హెచ్చరించింది. బహుమతికి కాగితం టికెట్ అసలుది అప్పగించాలి. వాట్సాప్‌లో వచ్చిన టికెట్ ఫొటోకు విలువ లేదు. అయినా ఫొటో పంపి డబ్బు వసూలు చేస్తున్నారు, మరుసటి రోజు “మీకు తగిలింది” అని ఫోన్ చేసి ప్రాసెసింగ్ ఫీజు, పన్ను అంటూ మళ్లీ వసూలు చేస్తున్నారు. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో 25 లక్షల లాటరీ అని వచ్చే సందేశాలదీ ఇదే దారి. నగదు బహుమతి మీద పన్నును ప్రభుత్వం ఆ బహుమతిలోంచే మినహాయించుకుంటుంది, గెలిచినవాడి దగ్గర ముందుగా అడగదు. అలా అడిగిన ఫోన్ వస్తే ఇంకేమీ మాట్లాడకుండా పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయాలి. గెస్సింగ్ గ్రూపుల్లో ఉన్నవాళ్లు అందులోంచి ఇవాళే బయటికి రావాలి, ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లను కూర్చోబెట్టి ఆ ముప్పై ఆరు ముగింపుల లెక్క కాగితం మీద వేసి చూపించాలి.